అంచెట్టి దారిలో ఆలంబాడి పసరాలు

హోసూరు పేరు చెప్పగానే ఈ కాలపు వారికి గులాబీ తోటలు, మోటారు కార్ఖానాలు, బెంగుళూరుకు పోయే రద్దీ బస్సులు గుర్తుకు వస్తాయి. కృష్ణగిరి అనగానే మామిడిపళ్ళు గుర్తుకు వస్తాయి. ఇవి రెండూ నిజమే. కాని పెద్దల నోట నాలుగు మాటలు విన్నవారికి ఈ సీమ మరొక విధంగా కూడా పరిచయము. ఇది పసరాల సీమ. ఇక్కడి ఎద్దులను కొనడానికి ఒకప్పుడు సేలం, కోయంబత్తూరు, చిత్తూరు, మైసూరు వైపుల నుంచి రైతులు వచ్చేవారు.

ఈమధ్య మన ఇళ్ళలో పిల్లలు పర్షియా పిల్లి కావాలని మారాం చేస్తున్నారు. దాని బొచ్చు రోజూ దువ్వవలెనట, కళ్ళు తుడవవలెనట, వేసవిలో చల్లని గది కావలెనట. ప్రాణిని ప్రేమతో సాకడం మంచిదే, మేము వద్దనము. కాని పిల్లికి జాతి అడిగే మన పిల్లవానికి తాతగారి కాడి ఎద్దు ఏ జాతిదో తెలియదు. అతనికి చెప్పవలసిన మనకే తెలియదు. ఈ మాట మా ఇంట్లో ఒకనాడు వచ్చి, చివరకు ఒక ప్రయాణమైనది. మార్గశిర మాసంలో, రాగి కోతల వేళ, ఇద్దరు మిత్రులను వెంటబెట్టుకొని, మా కుటుంబము హోసూరు నుంచి దెంకణికోట మీదుగా అంచెట్టి వైపు పోయి వచ్చినాము. అక్కడ చూచినవి, విన్నవి, ఇంటికి వచ్చి తెలిసికొన్నవి మన పత్రిక చదివే కుటుంబాలకు చెప్పుదామని ఇది వ్రాస్తున్నాము.

హోసూరుకు ఆనుకొనే మత్తిగిరి ఉన్నది. అక్కడి పశుక్షేత్రము 1824లో మొదలైనది. అప్పట్లో అది కుంపిణీ సైన్యానికి గుర్రాలను సాకి తయారుచేసే స్థలము. తరువాతి కాలంలో పశుసంవర్ధక క్షేత్రంగా మారింది. పదహారు వందల ఎకరాలకు పైబడిన నేల అది. సింధు దేశం నుంచి తెచ్చిన ఎర్ర సింధీ ఆవుల మంద వల్ల ఈ క్షేత్రానికి దేశమంతటా పేరు వచ్చినది. లోపలికి పోదలచినవారు ముందుగా అనుమతి అడిగి పోవలెను. దారి వెంట పోతూ చూచినా చెట్ల వరుసలు, పచ్చిక బీళ్ళు కంటికి చల్లగా ఉంటాయి. నాలుగు ప్రక్కలా పెరిగిన పట్టణం మధ్య ఇంత ఖాళీ నేల మిగిలి ఉండడమే ఒక వింత.

గుర్రాల సంగతి అట్లుంచి, ఎద్దుల సంగతి అంతకంటె పాతది. మైసూరు దొరలు తమ సైన్యం బరువులు లాగడానికి ప్రత్యేకంగా పశువుల మందలను ఉంచేవారు. చిక్కదేవరాజ ఒడయరు కాలంలో, అంటే 1672కూ 1704కూ మధ్య, ఆ మందల శాఖకు బెణ్ణె చావడి అని పేరు. టిప్పు సుల్తాను దానికి అమృత మహలు అని పేరు మార్చినాడు. ఫిరంగులు లాగిన ఎద్దులు ఆ మందలవే. 1792లో బారామహలు, 1799లో హోసూరు ప్రాంతము కుంపిణీ చేతికి వచ్చినవి. దొరలు మారినారు గాని ఎద్దులు మారలేదు. బూడిద రంగు, పొడుగు మొగము, వెనుకకు వంగిన కొమ్ములు గల ఆ పసరాలే మన పల్లెల్లో రాగి చేలు దున్నినాయి, కపిలి తోలినాయి, బండ్లు లాగినాయి.

ఈ పెద్ద కుటుంబంలో హళ్ళికారు జాతికి పేరెక్కువ. 2000 సంవత్సరంలో మన తపాలా శాఖవారు దేశవాళీ పశువుల పేర నాలుగు బిళ్ళలు వేస్తే, గిర్, కాంక్రేజ్, కంగాయములతో పాటు హళ్ళికారుకు కూడా చోటు దొరికింది. దాని దగ్గరి చుట్టమే ఆలంబాడి. హొగేనకల్ జలపాతానికి సమీపంలో, కావేరి ఒడ్డున ఉన్న ఆలంబాడి అనే ఊరి పేరే ఈ జాతికి పెట్టినారు. పెన్నాగరము, అంచెట్టి, కావేరికి ఇరువైపులా ఉన్న కొండలు దీని పుట్టినిల్లు. 1953లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థవారు జోషీ, ఫిలిప్సు అనే ఇద్దరు శాస్త్రజ్ఞుల చేత వ్రాయించిన జెబూ పశువుల గ్రంథంలో దీనికి వేరుగా ఒక స్థానము ఇచ్చినారు. అంతటి పేరు గల పసరము ఇప్పుడు మనం వెదకి వెదకి చూడవలసిన స్థితికి వచ్చినది.

హోసూరు నుంచి దెంకణికోట సుమారు 25 కిలోమీటర్లు. అక్కడ బేటరాయస్వామి దర్శనము చేసికొని, ఫలహారము ముగించి ముందుకు సాగినాము. అక్కడినుంచి దారి మెల్లగా అడవిలోకి దిగుతుంది. రెండు ప్రక్కలా కోతకు వచ్చిన రాగి చేలు. చేల అంచున చెట్ల మీద మంచెలు. ఏటా చలికాలంలో బన్నేరుగట్ట వైపునుంచి ఏనుగుల గుంపులు ఈ అడవులకు వస్తాయి. రాగి వాసన వాటికి ఎంత దూరం నుంచి తెలుస్తుందో గాని, రైతులు రాత్రుళ్ళు నిద్ర మాని కాపలా కాస్తారు. తెల్లవారి పంట మిగిలితే మిగిలినట్టు.

అంచెట్టికి ఇవతల ఒక పల్లెలో మాకు కావలసిన దొడ్డి దొరికింది. ఆ ఊళ్ళో సగం ఇళ్ళవారు తెలుగు మాట్లాడుతారు. మిగతావారు కన్నడము, తమిళము. నిజానికి అందరికీ మూడూ వస్తాయి. దొడ్డి యజమాని డెబ్బై దాటిన పెద్దమనిషి. ముళ్ళకంప తొలగించి మమ్ములను చూచి అడిగినాడు:

"ఏమప్పా, బేరానికి వచ్చినారా?"

"లేదు తాతా, ఊరికే చూసిపోయేదానికి వచ్చినాము."

"చూసేదానికి ఏముండాది? పసరాలే గదా!" అని నవ్వి లోపలికి పిలిచినాడు.

దొడ్డిలో నాలుగు ఉన్నవి. రెండు ఆవులు, ఒక పెయ్య, ఒక కోడెదూడ. ఆవులు బూడిద రంగువి. కోడెకు మెడ, మూపురము దగ్గర రంగు ముదిరి నలుపు తిరుగుతున్నది. ఈ జాతిలో ఆడవి బూడిద రంగులోనే నిలుస్తాయి. మగవి పెరిగేకొద్దీ నల్లబడుతాయి, కొన్ని దాదాపు బొగ్గు వర్ణానికి వస్తాయి. నుదుటి మీద, కాళ్ళ మీద, తోక దగ్గర తెల్లని మచ్చలు ఉంటాయి. ముఖము పొడుగు, నుదురు ముందుకు పొంగి ఉంటుంది. కొమ్ములు తల మీద ఒకదానికొకటి దగ్గరగా మొలిచి వెనుకకు వంపు తిరుగుతాయి. మనిషి కొత్తవాడైతే ఆ పసరము ఒక్క క్షణం తల ఎత్తి, చెవులు నిలిపి చూస్తుంది. ఆ చూపుకు మా పిల్లలు రెండడుగులు వెనుకకు వేసినారు. తాత "హోయ్" అన్నాడో లేదో, అది చెవులు వాల్చి గడ్డిలో మూతి పెట్టింది.

"హళ్ళికారు పరుగుకు మొనగాడప్పా. ఇది నిలకడకు. పొద్దున కాడి కడితే పొద్దుగూకేదాకా అదే నడక. రాళ్ళ మిట్టలో గిట్ట జారదు. మేత తక్కువైనా ముఖము మాడ్చదు" అని చెప్పినాడు.

"పాలు?"

"పాలేమి తాతా అని అడుగుతారు అందురూ. దూడ తాగంగా మిగిలితే మాకు ఒక చెంబు. దూడ గట్టిగుంటే గదా ఎద్దు గట్టిగుంటాది!"

ఈ చివరి మాటలో ఈ జాతి చరిత్ర అంతా ఉన్నది. తరతరాలుగా మన పెద్దలు దీనిని పాల కోసం ఎంచుకోలేదు, కాడి కోసం ఎంచుకొన్నారు. ఎక్కువ బరువు లాగే ఎద్దు బిడ్డలనే నిలుపుకొన్నారు. పాలు తక్కువ కావడం దాని లోపము కాదు, అది మనము దానిని అడగని వరము. మూపురము, వదులుగా వేలాడే గంగడోలు, ఎండకు ఓర్చే చర్మము, ఈతకాయంత మేతతో బ్రతకగల కడుపు, ఇవన్నీ ఈ కొండల్లో నిలబడడానికి ఏర్పడిన గుణాలు.

కాడి పోయిన తరువాత ఆ గుణాలకు గిరాకి పోయినది. మొదట కపిలి పోయి కరెంటు మోటారు వచ్చింది. తరువాత బండి పోయి టెంపో వచ్చింది. ఆ మీదట నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది. పాల సొసైటీలు వచ్చినాక ఇంటికి నెలనెలా డబ్బు తెచ్చే పసరము జెర్సీ, హోల్‌స్టీన్ సంకరపు ఆవు. ఊరి ఆంబోతు స్థానంలో సూది వచ్చింది. దేశమంతటా ఇదే కథ. 2019లో జరిగిన 20వ పశుగణనలో, 2012తో పోలిస్తే సంకర జాతి, విదేశీ పశువులు సుమారు 27 శాతం పెరిగినాయి. దేశవాళీవి 6 శాతం తగ్గినాయి. ఒకప్పుడు ఎద్దులకు, గుర్రాలకు పేరుపడిన హోసూరు ఇప్పుడు లారీలు, స్కూటర్లు తయారుచేసి దేశమంతటికీ పంపుతున్నది. ఆ కార్ఖానాల జీతాలతోనే మన ఇళ్ళలో చాలామంది పిల్లలు చదివినారు. కాబట్టి దీనిని నిందించే హక్కు మాకు లేదు. లెక్క మాత్రం రెండు వైపులా వ్రాయవలెను గదా.

అడవి సంగతి కూడా ఉన్నది. ఈ జాతి పసరాలను ఏడాదిలో చాలా నెలలు అడవిలోనే మందగా ఉంచి మేపేవారు. చీకటి పడితే ముళ్ళకంప దొడ్డిలోకి తోలి, కాపరి ప్రక్కనే నెగడు వేసికొని పడుకొనేవాడు. 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యము, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యము ఏర్పడినవి. 2022 మార్చిలో మదరాసు హైకోర్టువారు మొదట రాష్ట్రంలోని అడవులన్నిటిలో పశువుల మేపు నిషేధించి, కొద్ది రోజులకే ఆ నిషేధాన్ని అభయారణ్యాలకు, జాతీయ వనాలకు, పులుల రక్షిత వనాలకు పరిమితము చేసినారు. ఏనుగులకు, పులులకు చోటు కావలెను. ఊరి పసరాల జబ్బులు అడవి మృగాలకు అంటకూడదు. అది న్యాయమే. కాని అడవి మేత మీదనే నిలిచిన జాతికి ఆ మేత మూతపడితే కొట్టములో గడ్డి కొనిపెట్టి ఎవరు సాకుతారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు ఇంకా చెప్పలేదు.

తాత మాటలు వినండి:

"మా నాయన కాలంలో దొడ్డిలో నలభై ఉండె. ఇప్పుడు ఈ నాలుగే. పెద్దోడు హోసూరులో కంపెనీ పనికి పోతాడు. ఈ నాలుగూ అమ్మేసి ఒక జెర్సీ తెమ్మంటాడు. వాని తప్పు కాదప్పా, వానికీ పిల్లలుండారు. ఆవులను ఉంచుకో నాయనా, ఈ కోడెనన్నా సంక్రాంతికి ముందే అమ్మేద్దామంటాడు."

"అమ్మితే ఎవరు కొంటారు?"

ఆయన వెంటనే బదులు చెప్పలేదు. కోడె గంగడోలు నిమురుతూ, "దున్నేవాళ్ళు కొనరు" అన్నాడు. అంతకు మించి మేము అడగలేదు.

అసలు చిక్కు ఆ కోడె దగ్గరనే ఉన్నది. చుట్టుప్రక్కల ఊళ్ళలో ఈ జాతి ఆవులు ఇంకా అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నవి. కాని జాతి ఆంబోతు లేదు. అన్నిటినీ ఎద్దులు చేసినారు, లేదా అమ్మినారు. ఈ కోడె కూడా పోతే ఆ ఆవులకు ఈడు వచ్చినప్పుడు సంకరపు సూదే గతి. ఒక్క ఈత సంకరమైతే సగం పోతుంది, రెండవ ఈతకు ముప్పాతిక పోతుంది. ఆవు దొడ్డిలో బ్రతికే ఉంటుంది, జాతి మాత్రం ఎవరికీ తెలియకుండా ముగిసిపోతుంది. నలభై పసరాలు నాలుగైనప్పుడు కనబడని ప్రమాదము, ఆ ఒక్క కోడె దగ్గర కనబడింది.

మేము గుమాస్తా పని చేసేవాళ్ళము. మాకు చేతనైనది కాగితము వ్రాయడమే. తాత వరండాలో కూర్చొని, ఆయన చెప్పింది చెప్పినట్టు తమిళంలో ఒక అర్జీ వ్రాసినాము. కోడె రంగు, మచ్చలు, తల్లి ఆవు వివరము, ఊరి పేరు, సర్వే నంబరు అన్నీ చేర్చినాము. ధర్మపురి జిల్లాలో తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయమువారు ఈ జాతి కోసమే ఒక పరిశోధన కేంద్రము పెట్టి ఉన్నారని చెబితే ఆయన నమ్మలేదు. "మా గొడ్లకు ఆఫీసా!" అన్నాడు. అర్జీ ఒక నకలు దగ్గరి పశువైద్యశాలకు ఇచ్చినాము. నెల తిరగక ముందే డాక్టరుగారు స్వయంగా వచ్చి కోడెను చూచి, చెవికి పన్నెండు అంకెల పసుపుపచ్చ బిళ్ళ వేసి, అప్పుడే కొట్టించవద్దని, అమ్మవద్దని కొడుకుకు నచ్చచెప్పి పోయినారని ఫోనులో తెలిసింది. సంక్రాంతి దాటింది. ఇది వ్రాసేనాటికి కోడె దొడ్డిలోనే ఉన్నది.

ఇక ఇటువంటి పసరాన్ని సాకడము ఎట్లా అన్నది. మన సంఘములో తోటలు, పొలాలు ఉన్న కుటుంబాలు కొన్ని ఉన్నవి. ఉద్యోగము విరమించి పల్లెకు పోదలచినవారు ఉన్నారు. వారికి పనికివచ్చునని, తాత చెప్పినదీ డాక్టరుగారిని అడిగి తెలిసికొన్నదీ కలిపి ఇక్కడ ఇస్తున్నాము.

మొదట కొనేటప్పుడు పళ్ళు చూడవలెను. పాలపళ్ళు పోయి రెండు పెద్ద పళ్ళు వస్తే రెండు, రెండున్నర ఏళ్ళ ప్రాయము. నాలుగు పళ్ళకు సుమారు మూడేళ్ళు. ఆరు పళ్ళకు నాలుగేళ్ళ లోపు. ఎనిమిదీ వస్తే ఐదేళ్ళకు అటూ ఇటూ. సుడులు చూచి శుభాశుభాలు ఎంచే అలవాటు మనవాళ్ళకు ఉన్నది. అది ఎవరి నమ్మకము వారిది. సుడి కంటె ముందు గిట్టలు, మోకాళ్ళు, కళ్ళు చూడవలెను. పోచంపల్లి ఆదివారపు సంత వంటి పెద్ద సంతలకు పోయేవారు తెలిసిన రైతును వెంటబెట్టుకొని పోవడం మంచిది. తువ్వాలు క్రింద చేతి వేళ్ళు పట్టి బేరమాడే పద్ధతి కొత్తవారికి అర్థము కాదు.

మేత సంగతి. మన సీమలో రాగి గడ్డికి సాటి లేదు. వరిగడ్డి కంటె ఇందులో సున్నపు సత్తువ ఎక్కువ, పసరము ఇష్టంగా తింటుంది. వంద కిలోల బరువుకు రోజుకు రెండు, రెండున్నర కిలోల చొప్పున ఎండు లెక్కన మేత పడవలెను. గడ్డి వామి అడుగున రాళ్ళు పేర్చి నేల చెమ్మ తగలకుండా వేసికొంటే ఏడాది నిలుస్తుంది. పనిచేసే ఎద్దుకు నానబెట్టిన ఉలవలు, వేరుశనగ చెక్క, తవుడు కొంచెం కొంచెం పెట్టవలెను. ఈ జాతికి సంకరపు ఆవులకు పెట్టినట్టు దాణా మేపరాదు. కొవ్వు పట్టి కోడె మందగిస్తుంది, ఆవు చూలు నిలవదు. రాతి ఉప్పుగడ్డ ఒకటి గాడి దగ్గర వ్రేలాడదీస్తే అదే నాకుతుంది. నీరు రోజుకు మూడు పూటలు, వేసవిలో అడిగినంత.

కొట్టము పెద్దది అక్కరలేదు. ఎండ, వాన తగలని కప్పు, నీరు నిలవని నేల చాలును. కాని రోజులో నాలుగు గంటలైనా నడక కావలెను. కట్టుగొయ్యకే ఉంచితే దీనికి కోపము పెరుగుతుంది, గిట్టలు పెరుగుతాయి. దూడను చిన్ననాటినుంచీ రోజూ చేత్తో నిమిరి, పేరు పెట్టి పిలిచి మచ్చిక చేసికోవలెను. ఈ పసరము కొట్టినవానిని మరచిపోదు, పెట్టినవానినీ మరచిపోదు. ముకుతాడు వేయడము, కాడి మరపడము తెలిసినవారి చేతనే చేయించవలెను. మూడేళ్ళు నిండక ముందు బరువు కట్టరాదు.

జబ్బుల విషయములో దేశవాళీ గొడ్డుకు ఏమీ రాదన్న ధీమా పనికిరాదు. గాలికుంటుకు ఆరు నెలలకు ఒక మారు, గొంతువాపుకు, జబ్బవాపుకు ఏటా వానలకు ముందు టీకాలు వేయించవలెను. ఆడదూడకు నాలుగు నెలలు నిండి ఎనిమిది నెలలు దాటక ముందు ఈసుకుపోయే జబ్బుకు ఒకే ఒక్క టీకా ఉన్నది. 2019 నుంచి గాలికుంటుకు, ఈ జబ్బుకు కేంద్ర ప్రభుత్వ పథకము క్రింద టీకాలు ఉచితము. 2022లో ముద్దచర్మ వ్యాధి దేశంలో ఎన్ని పసరాలను తీసికొనిపోయిందో పత్రికల్లో అందరమూ చదివినాము. పిడుదులు పట్టకుండా గోడల నెర్రెలు పూడ్చి, కొట్టము పొడిగా ఉంచవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది జత కట్టించడము. ఒకే దొడ్డిలో అన్నచెల్లెళ్ళను, తండ్రీబిడ్డలను కలవనీయరాదు. మంద చిన్నదైతే రెండు మూడేళ్ళకు ఒకసారి మరొక ఊరి కోడెతో మార్పు చేసికోవలెను. ఆవు తొమ్మిది నెలల పైన తొమ్మిది పది రోజులు మోస్తుంది. ఈనిన తరువాత మొదటి జున్నుపాలు గంట రెండు గంటల లోపల దూడ కడుపులో పడితే సగం జబ్బులు దగ్గరకు రావు. పాల ఆదాయము లేనిదే గడవని ఇంటివారు కూడా ఒక పని చేయవచ్చును. పాలకు సంకరపు ఆవును ఉంచుకొని, ఇంటి పాత ఆవును మాత్రము దాని జాతి కోడెకే చూపవలెను. దానికి పెద్ద ఖర్చు లేదు, కావలసిందల్లా మనసులో ఆ నిర్ణయమే.

ఎద్దుల పందేల మాట చెప్పక తప్పదు. మన జిల్లాలో సంక్రాంతి తరువాత ఎద్దులను జనం మధ్య వదలే పండుగలు ఊరూరా జరుగుతాయి. 2014 మేలో సుప్రీం కోర్టు ఇటువంటి ఆటలను నిషేధించడము, 2017లో తమిళనాడు చట్టము మార్చడము, 2023 మే 18న ఆ చట్టము చెల్లుతుందని అదే కోర్టు తీర్పు చెప్పడము అందరికీ తెలిసినవే. 2023 ఫిబ్రవరిలో శూలగిరి దగ్గర ఈ పండుగకు అనుమతి విషయమై పెద్ద రహదారి మీద జరిగిన గొడవ కూడా చూచినాము. ఈ ఆట వల్లనే మగ పసరము దొడ్డిలో మిగిలిందని ఒకరు, దానికి హింస అని ఒకరు అంటారు. రెండింటిలోనూ నిజము ఉన్నది. కాని ఒక్క రోజు పరుగు కోసం మాత్రమే బ్రతికించిన జాతి, ఆ పరుగుకు అడ్డు వచ్చిన రోజున నిలవదు. ఎద్దుకు ఏడాది పొడుగునా ఒక పని, ఆవుకు ఇంట్లో ఒక చోటు ఉంటేనే నిలుస్తుంది.

మనకు దగ్గరలోనే ఒక ఆశ కూడా ఉన్నది. సరిహద్దు దాటితే పుంగనూరు. అక్కడి పొట్టి ఆవు కొంతకాలం క్రితం దాదాపు అంతరించే స్థితికి వచ్చింది. పలమనేరు పరిశోధన కేంద్రములో మందను నిలిపినారు. జనము కూడా ముచ్చటపడినారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తమ నివాసములో ఆ ఆవులకు మేత పెడుతున్న చిత్రము దేశమంతా చూచింది. ఇప్పుడు దానిని వేలూ లక్షలూ పోసి కొంటున్నారు. పొట్టిగా, ముద్దుగా ఉన్నదానికి ఆ భాగ్యము దక్కింది. ఆలంబాడి ముద్దుది కాదు, చంకనెత్తుకొనేది కాదు, బొమ్మ తీయించుకొనేది కాదు. అది మన పొలం పని చేసిపెట్టిన కూలి మనిషి వంటిది. పని తీరిన తరువాత కూలివానిని ఎట్లా చూచినామన్నది ఆ ఇంటి మర్యాద తెలుపుతుంది.

మన సంఘములోని కుటుంబాలు ఈ సీమలో ఎన్నో తరాలుగా ఉన్నవి. బేరికై, బాగలూరు, తళి, కెలమంగలము, రాయకోట వైపుల చాలామందికి ఇప్పటికీ పల్లె ఇల్లు, కౌలుకిచ్చిన చేను ఉన్నవి. ఈ పండుగకు ఊరికి పోయినప్పుడు దొడ్డివైపు ఒక్కసారి పోయి చూడండి. పొడుగు మొగము, వెనుకకు వాలిన కొమ్ములు, నుదుట తెల్లమచ్చ గల బూడిద రంగు ఆవు కనబడితే, దానిని సాకేవారి పేరు, ఊరు వ్రాసి పత్రికకు ఒక కార్డు వేయండి. కోడె ఎక్కడ ఉన్నది, ఆవు ఎక్కడ ఉన్నది తెలిస్తే ఒకరికొకరిని కలపడము కష్టము కాదు. తమిళములో అర్జీ వ్రాయవలసి వస్తే మేము వ్రాసిపెడతాము. అంచెట్టి దగ్గరి ఆ కోడె వచ్చే ఏడాదికి రెండు పళ్ళు వేస్తుంది. అప్పటికి దానికి కనీసము పది ఆవుల చిరునామాలు చేతిలో ఉండవలెనని మా కోరిక.